ఇది మాకెప్పుడు సూపిత్తారు?

మా అక్క కొడుకు విశాఖలో విజువల్ కమ్యూనికేషన్ చదివి వచ్చాడు. వచ్చిన మూడో రోజు పొద్దున్నే శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో మా స్టూడియోకి వచ్చి, నేను షట్టర్ సగం ఎత్తానో లేదో లోపలికి దూరి, "మావయ్యా, నేను ఉద్యోగం చెయ్యను, డాక్యుమెంటరీలు తీస్తాను" అన్నాడు. వాళ్ళ నాన్నది జీడిపప్పు వ్యాపారం. ఈ మాట ఆయన చెవిన పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ముందు రెండు టీలు చెప్పాను.

వాడికి డాక్యుమెంటరీలు తీసే ఆనంద్ పట్వర్ధన్ అంటే ప్రాణం. నాకు ఆ పేరు తెలుసు గానీ సినిమాలు వరసగా చూసింది లేదు. ఆ వారమంతా షాపు కట్టేశాక రాత్రిళ్ళు ఎడిటింగ్ సిస్టమ్ మీద చూశాం, వాడు మధ్యమధ్యలో ఆపి వివరిస్తూ, నేను వాణ్ణి కాసేపు నోరు మూసుకోమంటూ. వారం తిరిగేసరికి ఇద్దరికీ గొడవైంది. వాడు ధైర్యం గురించి మాట్లాడతాడు. యాభై ఏళ్ళుగా ఎవరికీ భయపడకుండా తీశాడు, సెన్సారుతో కొట్లాడాడు, ఎమర్జెన్సీలో తీశాడు, ఇదీ వరస. కాదని నేననను. కానీ నా కంటికి ఆనింది వేరే ఉంది. అదేమిటో ఆ రాత్రి వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, గొంతు పెంచాను, వాడు అలిగి వెళ్ళిపోయాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీసుకునే మనిషిని. నా లెక్క పెళ్ళి వీడియోల లెక్క. అది నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

అడ్వాన్సు, బ్యాలెన్సు

మా పనిలో సగం డబ్బు అడ్వాన్సు, మిగతా సగం క్యాసెట్ చేతికిచ్చాక. వీహెచ్ఎస్ రోజుల్నుంచీ అంతే, ఇప్పుడు పెన్‌డ్రైవ్ అయినా అంతే. క్యాసెట్ ఇచ్చిన రోజు ఆ ఇంట్లో చిన్న పండగ. టీవీ అరుగు మీదకి తెచ్చేవారు, వీధి వీధంతా కూర్చునేది, ఇక తప్పులు మొదలు. "భోజనాల కాడ మా వాళ్ళని తియ్యలేదేటి?" "మా పెద్దత్త ఏదీ?" "ఆ పాట తీసేసి వేరేది పెట్టు." ఒకసారి టెక్కలి దగ్గర ఒక పెళ్ళిలో చివరి వరసలో గోడకానుకుని కూర్చున్న ఒక తాతని ఊరికే మూడు సెకన్లు తీశాను. నెలన్నరకి ఆయన పోయాడు. ఆ మూడు సెకన్లూ ఫ్రేం కట్టించుకోవడానికి వాళ్ళబ్బాయి ఐదుసార్లు తిరిగాడు. అప్పట్నుంచి మా కుర్రాళ్ళకి చెబుతుంటాను, మూల కూర్చున్నవాళ్ళని వదలొద్దురా అని.

నేను చెప్పొచ్చేదేమిటంటే, మేం ఎవర్ని తీస్తామో వాళ్ళే మొదట చూస్తారు, వాళ్ళే వంకలు పెడతారు, వాళ్ళకి నచ్చితేనే మాకు బ్యాలెన్సు. డాక్యుమెంటరీలో డబ్బిచ్చేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు, కెమెరా ముందు కూర్చుని కడుపులో మాట చెప్పినవాడు మరొకడు. ఆ మూడోవాడికి బాకీ ఉన్నామని ఎవరూ అనుకోరు. ఒక డాక్యుమెంటరీ మనిషి జీవితాన్ని కొలవాలంటే నేను అవార్డులూ చూడను, ధైర్యమూ చూడను. ఆ బాకీ తీర్చాడా లేదా, ఎంతవరకు తీర్చాడు, అది చూస్తాను.

ఈ మాట నాకు సినిమాలు చూసి రాలేదు.

లింకు

2017 ఎండాకాలంలో ఒక పెద్ద నగరం నుంచి నలుగురు వచ్చారు. మా జిల్లాలో ఉద్దానం ఊళ్ళని పట్టుకున్న కిడ్నీ జబ్బు మీద సినిమా. మా వైపు కెమెరా పట్టుకుని వచ్చేవాళ్ళలో పదికి తొమ్మిదిమంది దానికోసమే వస్తారు. నాకు రోజుకి 2,500. కారు మాట్లాడడం, ఊళ్ళో మనుషుల్ని కలపడం, మా యాసని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నా పని. కవిటి మండలంలో నాకు తెలిసిన ఇంటికే తీసుకెళ్ళాను. ఆ ఇంటాయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. కొబ్బరితోటలో మంచం వేయించి, కాలర్ మైకు పెట్టి, రెండు గంటలు మాట్లాడించారు. ఆయన భార్య చేత నూతిలో నీళ్ళు నాలుగుసార్లు తోడించారు. మూడోసారి బాగానే వచ్చింది, కానీ చేద మీద ఎండ పడలేదని మళ్ళీ తోడమన్నారు. అబద్ధమెందుకు, బాగా తీశారు. నాకంటే చాలా బాగా తీశారు.

సామాను కారులో పెడుతుంటే ఆవిడ వచ్చి, "బావూ, ఇది మాకెప్పుడు సూపిత్తారు?" అని అడిగింది. దర్శకుడికి తెలుగు రాదు, నేను చెప్పాను. ఆయన నవ్వి లింకు పంపిస్తామన్నాడు. "లింకు పంపుతారట అమ్మా" అని నేనే అన్నాను. లింకంటే ఏమిటో ఆవిడకి తెలీదని నాకు తెలుసు. విడమర్చి చెప్పే ఓపిక లేకపోయింది, కారు స్టార్టయింది.

2018 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఆ రాత్రి సంగతి మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఇంటికి తోటా పోయింది, రేకులూ పోయాయి, గోడకున్న ఆయన ఫోటో తడిసి ముద్దయింది. నెల పోయాక కొడుకుని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. ఫోటో బాగుచెయ్యమంటుందేమో అనుకున్నాను. ఫోటో ఊసే ఎత్తలేదు. "ఆల్లొచ్చినపుడు ఆయన మాటాడినాడు కదా, అది కావాల" అంది.

ఫోన్ చేశాను. లింకు వచ్చింది, తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ కోసం మళ్ళీ ఫోన్ చేస్తే, సినిమా ఇంకా ఫెస్టివల్స్‌లో తిరుగుతోంది, ఇప్పుడే బయటికి ఇవ్వకూడదన్నారు. పోనీ రష్, అంటే కత్తిరించకముందు తీసింది తీసినట్టుండే ఫుటేజి, ఇవ్వండి, ఆయన కూర్చున్న ముక్క ఒక్కటి చాలు అన్నాను. రష్ ఇచ్చే పద్ధతి లేదన్నారు. ఎవరూ కటువుగా మాట్లాడలేదు, అందరూ సారీ చెప్పారు. కొన్నాళ్ళకి ఆ లింకు గడువు కూడా అయిపోయింది.

ఇప్పుడు నా సంగతి. షూటింగు అయిన రాత్రి వాళ్ళు కార్డులన్నీ కాపీ చేసుకుంది మా సిస్టమ్‌లోనే. ఆ రెండు గంటలూ నా దగ్గర ఉన్నాయి. ఆ శ్రావణమాసం పెళ్ళిళ్ళకి డిస్కులో జాగా చాలక నేనే డిలీట్ చేశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. పాత ఫోను తీసి వెతికితే నలభై సెకన్ల ముక్క దొరికింది, ఆయనకి మైకు పెడుతుంటే సరదాకి తీసింది. అందులో జబ్బు గురించి ఒక్క మాట లేదు. మధ్యలో పక్కకి తిరిగి "ఒలే, దూడ ఇప్పుకొని పోతంది సూడు" అని పెళ్ళాన్ని కేకేస్తాడు, అంతే. ఆవిడ ఆ కేకని ఆరేడుసార్లు వింది. ఏ సినిమాలోనూ ఆ ముక్క ఉంచరు. నేనైనా ఉంచను.

తిట్టు ఉంచడం

పట్వర్ధన్ 1985లో తీసిన 'హమారా షహర్' ముంబయి మురికివాడల కూల్చివేతల మీద. అందులో గుడిసె పోయిన ఒక ఆవిడ కెమెరా వైపు తిరిగి, బీదవాళ్ళ బొమ్మలు తీసుకుని పేరు సంపాదించుకోవడానికి వచ్చారు మీరు, మాకు చేసేదేం లేదు అని కడిగేస్తుంది. నేను అక్కడ పాజ్ కొట్టి కాసేపు బయట నిలబడ్డాను.

"చూశావా మావయ్యా, తనని తిట్టిందాన్ని కూడా ఉంచేశాడు, అదీ నిజాయితీ" అన్నాడు మావాడు. ఒప్పుకోలేకపోయాను. ఎడిటింగ్ చేసేవాడికి తెలుస్తుంది, ఆ తిట్టు ఉంచితే పోయేదేం లేదు, పైగా దర్శకుడికే మంచి పేరు. చూసినవాళ్ళంతా నీలాగే నిజాయితీ అంటారు. తిట్టిన ఆవిడకి ఏమొచ్చింది? ఇది అన్నాకే మాకు గొడవ మొదలైంది.

అయితే పట్వర్ధన్ అక్కడితో చేతులు కడుక్కోలేదు. 1986లో నారిమన్ పాయింట్ దగ్గర సంజయ్ గాంధీ నగర్ గుడిసెలు పీకేస్తే, ఆయనా షబానా ఆజ్మీ ఆ జనంతో కలిసి ఐదు రోజులు నిరాహారదీక్షలో కూర్చున్నారు. ఆ కుటుంబాలకి గోరేగావ్‌లో వేరే స్థలం వచ్చింది. ఈ సంగతి తెలిశాక మాత్రం ఆ తిట్టు నాకు వేరేగా వినబడింది. బాకీ ఉందని నలుగురిలో ఒప్పుకుని, ఏడాదిలో వచ్చి కొంత కట్టినట్టు.

పాట పాడినవాడు

అదే సినిమాలో విలాస్ ఘోగ్రే అనే దళిత కవి పాడతాడు. 1997 జూలై 11న ముంబయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని జనం రోడ్డెక్కితే పోలీసులు కాల్పులు జరిపారు, పదిమంది పోయారు. అది చూసి తట్టుకోలేక నాలుగు రోజులకి ఘోగ్రే ఉరేసుకున్నాడు. పట్వర్ధన్ ఆ చావు దగ్గర్నుంచి కెమెరా పట్టి పద్నాలుగేళ్ళు తీశాడు. అదే 'జై భీమ్ కామ్రేడ్'. 2012 జనవరిలో ఆ సినిమాని ముంబయి బైకుల్లాలోని బీఐటీ చాల్ అనే పేదల ఇళ్ళ వరసల్లో, ఎవరి గురించి తీశాడో ఆ జనం మధ్యే తెర కట్టి వేశాడు.

పద్నాలుగేళ్ళంటే, నేను మొదటిసారి కెమెరా పట్టుకున్నప్పుడు పుట్టిన పిల్ల పెళ్ళికి నేను వెళ్ళి తీసొచ్చేంత కాదు గానీ, దగ్గరదగ్గర. ఒకప్పుడు తన సినిమాలో పాడిన మనిషి కోసం అన్నేళ్ళు. ఇది చూస్తుంటే నాకు మా జిల్లా గుర్తొచ్చింది. జముకుల కథ చెప్పి ఊళ్ళని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోయాడు. ఆయన గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి మా వైపు ముసలివాళ్ళు చెయ్యి గాల్లోకి ఎత్తి జముకు వాయిస్తున్నట్టు చూపిస్తారు. అప్పుడు ఎవరి చేతిలోనైనా ఒక కెమెరా ఉండుంటే అనిపిస్తుంది. ఉన్నా ఆ రీలు మావాళ్ళకి తిరిగొచ్చేదా, అదీ అనిపిస్తుంది. సరే, ఇది వేరే కథ.

కోర్టుకెక్కింది దేనికి

మావాడు పదేపదే చెప్పే కోర్టు కేసులు కూడా నాకు బాకీ తీర్చడంలాగే కనిపిస్తాయి. అయోధ్య గొడవ మీద తీసిన 'రామ్ కే నామ్' 1992ది, జాతీయ అవార్డు వచ్చినా దూరదర్శన్ వెయ్యనంది, హైకోర్టు చెప్పాక వేసింది. 'వార్ అండ్ పీస్'కి సెన్సారువాళ్ళు 21 కట్‌లు అడిగితే, 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కట్ కూడా లేకుండా వదలమంది. 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' 1995లో పూర్తయితే, దూరదర్శన్‌లో వెయ్యాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2006 ఆగస్టు 25న. పదకొండేళ్ళు! పెళ్ళి క్యాసెట్ పదకొండు వారాలు ఆలస్యమైతే మా షాపు అద్దాలు మిగలవు.

నా సందేహం ఏమిటంటే, అవార్డు వచ్చింది, విదేశాల్లో వేశారు, పత్రికలు రాశాయి, ఇంకా ఆ దూరదర్శన్ వెంట పడడం దేనికి? పలాసలో పెరిగినవాడికి దానికి జవాబు తెలుసు. ఆ రోజుల్లో డాబా ఎక్కి యాంటెన్నా ఎంత తిప్పినా వచ్చింది అదొక్కటే. ఆయన సినిమాల్లో కనబడ్డ మనుషుల ఇళ్ళలోనూ వచ్చింది అదే. ఢిల్లీలో హాలు దొరకడం కష్టం కాదు, ఆ పెట్టెలోకి దూరడమే కష్టం. ఇంటర్నెట్ వచ్చాక సినిమాలు యూట్యూబ్‌లో పెట్టేశాడు, మేం చూసింది అక్కడే, పాస్‌వర్డ్ అడగలేదు.

మొదటి సినిమా ముచ్చట ఒకటి చెప్పి తీరాలి, పనివాడికి పనివాడి మీద ఉండే ముచ్చట అది. 1974లో బీహార్‌లో జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) ఉద్యమం తీసేటప్పుడు ఆయన దగ్గర సరైన కెమెరా లేదు. ఇళ్ళలో వాడే చిన్న సూపర్-8 ఫిల్ములో తీసి, దాన్ని తెరమీద వేసి, ఆ తెరని మళ్ళీ 16 ఎంఎం కెమెరాతో తీశారు. మేం కూడా పాత ఆల్బంలోని ఫోటోల్ని గోడకి అంటించి వీహెచ్ఎస్‌లో తీసి, పెళ్ళి క్యాసెట్ మొదట్లో కలిపేవాళ్ళం, ట్యూబ్‌లైటు మెరుపు పడకుండా దుప్పటి అడ్డం కట్టి. ఎమర్జెన్సీ వచ్చాక ఆ సినిమాని ముక్కలు చేసి దేశం దాటించి అక్కడ మళ్ళీ అతికించారు. ఇది విన్నప్పుడు మాత్రం మావాడి ధైర్యం మాటకి తలూపాను.

మావాడు అడిగినవి

మావాడు ఊరుకునే రకం కాదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

వాడి మొదటి మాట: మీ ఊళ్ళో చూపిస్తే ఏమొస్తుంది మావయ్యా, చూపించాల్సింది పని చెయ్యగలిగినవాడికి. కవిటిలో తెర కడితే ఎవరి కిడ్నీ బాగవుతుంది? ఉద్దానం పేరు బయట నలిగాకే డయాలసిస్ రోగులకి 2019లో 10,000 పింఛను వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. ఎన్నో కెమెరాలు, ఎన్నో వార్తలు కలిస్తే అది జరిగింది. నిజమే. ఆ కేకల్లో ఆ నలుగురి సినిమా కూడా ఒక కేక అయ్యుండాలి. దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. కానీ ఆవిడ ఆయన మాటల కోసం ముప్పై కిలోమీటర్లకి పైగా ఆటోలు మారి ఎందుకు వచ్చింది? ఒక ముక్క ఆవిడకిస్తే ఢిల్లీవాళ్ళకి తరిగిపోయేదేముంది?

రెండోది నేనే వాడికి చెప్పాను, నా వాదనకి అడ్డమని తెలిసీ. ఎవర్ని తీశామో వాళ్ళకే చూపించడం అంత తేలిక కాదు. మా వైపు సంబంధాలు తప్పిపోతున్నాయని, ఉద్దానం అంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారని తెలియనిదెవరికి? వజ్రపుకొత్తూరు మండలంలో ఒకాయన నన్ను ముఖం కనబడకుండా తియ్యమని చేతులు పట్టుకున్నాడు, కూతురికి నిశ్చితార్థం పదిరోజుల్లో ఉంది. అలాంటి ఊళ్ళో తెర కట్టి, ఎవరింట్లో ఎవరికి కిడ్నీ పరీక్షలో ఎంత క్రియాటినిన్ ఉందో అందరికీ వేస్తే? 'రామ్ కే నామ్'లో కెమెరా ముందు నిర్భయంగా మాట్లాడిన అయోధ్య పూజారి లాల్‌దాస్‌ని 1993లో చంపేశారు. సినిమా వల్లే అని నేననడం లేదు. కెమెరా సంచీలో పెట్టుకుని మనం రైలెక్కుతాం, మాట్లాడినవాడు అక్కడే ఉంటాడు, అంతవరకే అంటున్నాను. కాబట్టి చూపించాలన్న మాట మీద నేను ఉన్నా, ఎలా, ఎవరికి, ఎప్పుడు అన్నది వాళ్ళ ఇష్టం. పెళ్ళివారు ఒక్కోసారి క్యాసెట్లో ఫలానా మనిషిని తీసెయ్యమంటారు. మేం ఎందుకని అడగం, తీసేస్తాం.

మూడోది డబ్బు. పట్వర్ధన్ చాలావరకు సొంత డబ్బుతో, సినిమాలు అమ్ముకుని తీశాడు. బాగా చదువుకున్న కుటుంబం, అమెరికాలో, కెనడాలో చదువు, ముంబయిలో నీడ. పలాస కుర్రాడికి అవన్నీ ఎక్కడివి? పద్నాలుగేళ్ళు ఒకే సినిమా మీద కూర్చుంటే అన్నం ఎవరు పెడతారు, ఈలోగా జీడిపప్పు నాన్న ఊరుకుంటాడా? ఈ మాట వాడు అన్నప్పుడు గొంతు తగ్గింది. మర్నాడు ఊరకనే చెప్పాను, పెళ్ళిళ్ళ సీజన్లో నాతో రా, మిగతా నెలలు నీ పని చూసుకో, కెమెరా నాదే వాడుకో అని. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

చివరిది వాడు నా మీదకే తిప్పాడు. "ఇన్ని చెబుతున్నావ్, నువ్వేం తీశావ్ మావయ్యా?" 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, బీల అనే చిత్తడినేల కోసం నిలబడ్డ మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. అది ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, కెమెరా కవరు కప్పుకుని బీరువాలో ఉంది, ఛార్జింగు కూడా ఉంది, మా ఊరికి సోంపేట గంట ప్రయాణం. నేను షాపులో కూర్చుని టీవీలో చూశాను. కాబట్టి వెళ్ళి తీసినవాణ్ణి తక్కువ చేసే అర్హత నాకు లేదు, తీసి తిరిగిరానివాణ్ణి కూడా. అదీ వాడికి చెప్పాను.

సంక్రాంతికి

కనుమ నాడు వాణ్ణి కవిటి తీసుకెళ్ళాను. కెమెరా వద్దన్నాను, ఒట్టి చేతుల్తో రమ్మన్నాను. ఆవిడ మమ్మల్ని చూసి అరిసెలు తెచ్చి, "ఈ గుంటడెవులు?" అంది. మా మేనల్లుడు, ఈ ఊరి మీద సినిమా తీస్తాడట అన్నాను. వాడు గొంతు సవరించుకుని ఏదో పెద్దగా చెప్పబోయాడు, నీళ్ళు, పరిశోధనలు, ప్రభుత్వం అని. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"అదంతా సర్లే నాయనా. మాకెప్పుడు సూపిత్తావు?"

వాడు నా వైపు చూశాడు. నేను అరిసె తింటున్నాను.

"తీసిన రోజు రాత్రే చూపిస్తాను పెద్దమ్మా."

"రేత్రి కరెంటుండదు, పొద్దున్నే సూపించు. తీసినపుడు ముందర అల్లా కొబ్బరిసెట్లు తియ్యి, తిత్లీ తరవాత నానే ఏసినాను, కాపుకొచ్చినాయి. నూతికాడ మాత్రం నన్ను నీలు తోడమనకు, నడుం పట్టేసింది."